దిఙ్నాగుని పునర్విచారము: వేఁగీదేశమున నొక బోధనావిమర్శ

ఏలూరికి నుత్తరముగ నేడెనిమిది మైళ్ళ దూరమున, కొల్లేటి పల్లపుభూములకుఁ బైనున్న మెరకనేలయందు, పెదవేఁగి యను గ్రామము కలదు. శాలంకాయనుల తామ్రశాసనములును, వేఁగీచాళుక్యుల రాజ్యకథయు నీ గ్రామమును చరిత్రకారులకు సుపరిచితము గావించినవి. అయినను రాజుల పేళ్ళను గుఱించియు, వంశానుక్రమములను గుఱించియు, అగ్రహారదానములను గుఱించియు జరిగినంత చర్చ, ఈ సీమయందుఁ బాఠము చెప్పిన యాచార్యులను గుఱించి జరుగలేదు. అట్టివారిలో నొకఁడు, తాను బోధించు శాస్త్రము శిష్యులకేల పట్టుపడుటలేదని విచారించి, ఆ లోపమును శిష్యులయందుఁ గాక గ్రంథమునందు వెదకి, ఒకమాఱు దిద్దఁబూని, ఆ దిద్దుబాటునందును లోపమును శంకించి మఱల దిద్దెనని పరదేశీయుఁ డొకఁడు వ్రాసియుంచెను. ఆ యాచార్యుఁడు దిఙ్నాగుఁడు. వ్రాసినవాఁడు చీనాయాత్రికుఁడగు హ్యూయన్‌త్సాంగు.

హ్యూయన్‌త్సాంగు దక్షిణకోసలమునుండి యడవుల గుండ దక్షిణముగ నడచి, క్రీ.శ. 639 ప్రాంతమున నాంధ్రదేశమును బ్రవేశించెను. కుబ్జవిష్ణువర్ధనుఁడు వేఁగి నేలుచున్న కాలమది. యాత్రికుఁ డా దేశపు రాజధానిని 'పింగ్-కీ-లో' యని పేర్కొని, అచట నిరువదికిఁ బైఁగా సంఘారామములును, మూఁడువేలకుఁ బైఁగా భిక్షువులును, ముప్పదికిఁ బైఁగా దేవాలయములును గలవనియు, జనుల భాష మధ్యదేశపు భాషకంటె వేఱయినను లిపి చాలవఱకు సమానమనియు వ్రాసెను. భాషాచరిత్రకారుల కీ చివరివాక్య మొక్కటియే చాలును. వారు దానినే చూచి తక్కిన కథను విడిచిరి. 1884లో నా గ్రంథము నాంగ్లీకరించిన సామ్యూల్ బీలు ఈ పట్టణము కొల్లేటికి వాయవ్యమున నున్న వేఁగియే యని గుఱుతించెను. కన్నింగ్‌హాము వేఱొకచోటును జూపియుండెను గాని, నామసామ్యమును, యాత్రికుఁ డచటినుండి ధాన్యకటకమునకుఁ బోయిన మార్గమును బట్టి చూడఁగా బీలు మతమే బలవత్తరముగఁ దోఁచుచున్నది.

రాజధానికి నైరృతిగ నిరువది 'లీ'ల మేర, అనఁగా నాలుగైదు మైళ్ళ దూరమున, ఒంటికొండ యొకటి కలదనియు, దానిపై శిలాస్తూపము కలదనియు, దిఙ్నాగబోధిసత్త్వుఁడు హేతువిద్యాశాస్త్రమును రచించిన తావదియే యనియు యాత్రికుని వ్రాఁత. ఈ మాట చదువఁగనే గుంటుపల్లి గుహలు తలంపునకు వచ్చుట సహజము. క్రీస్తునకుఁ బూర్వపు గుహాచైత్యముతో నొప్పు నా క్షేత్రము ఈ సీమ బౌద్ధమునకుఁ బట్టుఁగొమ్మ. కాని యది పెదవేఁగి కుత్తరమున పదునైదు మైళ్ళ దవ్వున నున్నది. దిక్కును గుదురదు, దూరమును గుదురదు. నైరృతి యంతయు చాలవఱకుఁ గొల్లేటివైపు వాలిన నేల. శాసనమో త్రవ్వకమో తేల్చువఱకు కొండ సంగతిని విడిచి, కథను బరిశీలించుట మేలు.

కథాసంగ్రహ మిది. హేతువిద్యయందలి గ్రంథములు మాట లోఁతైనవియు నర్థము విరివియైనవియు నగుటచే, చదువువారు వృథాగ శ్రమించుచు విద్య ముగింపలేకున్నారని దిఙ్నాగుఁడు తలంచెను. అంతట నేకాంతపుఁ గొండచఱియయందు డాఁగి, ధ్యానస్థుఁడై, గ్రంథరచనవలనఁ గలుగు లాభనష్టములను విమర్శించి, ఎంత విస్తరింపవలయు, నెంత సంక్షేపింపవలయునని తూఁచి చూచెను. అప్పుడు కొండలోయలు మ్రోసెను. పర్వతదేవత యాతనిని వందల యడుగుల యెత్తునకు నెత్తిపట్టి, లుప్తమైన హేతువిద్య నేఁడు మఱల వెలయునని ప్రకటించెను. ఆచార్యుని దేహమునుండి వెలుఁగు వెడలెను. దానిని జూచిన యా దేశపు రాజు, పునర్జన్మరహితమగు ఫలము నందుఁడని యాతని వేఁడెను. తాను ధ్యానించుట గంభీరశాస్త్రమును వివరించుటకే గాని యా ఫలమునకుఁ గాదని దిఙ్నాగుఁడు బదులు చెప్పెను. రాజు విడువలేదు. ఆ ఫలము సర్వార్యులకును బూజ్యమని మఱల మఱల ప్రార్థింపఁగా నాచార్యుని మనస్సు మెత్తపడెను. అప్పుడు మంజుశ్రీ చిటికవైచి మేల్కొలిపి, విశాలమైన మనస్సును విడిచి సంకుచితమైన కోరికకు నేల లోఁబడితివని మందలించి, మైత్రేయుని యోగాచారభూమిశాస్త్రమును వ్యాపింపఁజేసి వెనుకటితరమువారికి దారి చూపుమని చెప్పెను. దిఙ్నాగుఁడు శిరసావహించి హేతువిద్యను లోఁతుగ మథించెను. అప్పటికిని, సూక్ష్మమైన విషయమును, పొదుపైన మాటలను జూచి చదువరులు భయపడుదురేమో యని శంకించి, ముఖ్యార్థమును బైకెత్తి, సూక్ష్మవాక్యములను గూర్చి, శాస్త్రమును రచించెను.

కొండదేవతను వెలుఁగును దొలఁగించి చూచినచో, మిగులునది యొక యుపాధ్యాయుని వృత్తిచరిత్ర. శాస్త్రము కఠినమైనప్పుడు 'మందబుద్ధులకిది యెందుల'కని గురువు లనుట యెల్లకాలములందును వినఁబడునదే. గ్రామబడి పంతులు మొదలు విశ్వవిద్యాలయాచార్యుని వఱకు నీ మాటకు మొగము వాచినవాఁడు లేఁడు. దిఙ్నాగుఁ డట్లనలేదు. శిష్యులు శ్రమించుచున్నారు, శ్రమ ఫలించుటలేదు, అని యాతఁడు చూచెను. శ్రమింపని శిష్యుని రోగము వేఱు. శ్రమించియు నందుకొనలేని శిష్యుని రోగము వేఱు. రెండవదానికి మందు గురువునొద్దనే యుండవలయును. ఈ వివేచన లేనిచోట బోధన నెంత విమర్శించుకొన్నను, అది తనను దాను నిందించుకొనుటగనో, శిష్యులను నిందించుటగనో ముగియును.

రెండవ యంశము మఱింత యరుదైనది. విస్తరమే దోషమని తెలిసినవాఁడు సంక్షేపించును, సంక్షేపించి తృప్తిపడును. ఈతఁ డట్లుగాక, తాను వేయఁబోవు మందు వేఱొక రోగమును దెచ్చునేమో యని ముందుగనే జంకెను. విరివిగ నున్నది చదువలేనివానికి బిగువుగ నున్నది యంతకన్న సుకరము గాదు. సూత్రప్రాయములగు వ్యాకరణాలంకారములను బాఠము చెప్పిన పండితులకీ భయము వివరింప నక్కఱలేదు.

మూఁడవది రాజుగారి ప్రార్థన. రాజు చెడ్డసలహా చెప్పలేదు. శ్రావకమార్గమున నర్హత్త్వమే పరమార్థము. అది మహాగౌరవము, అదియే శిష్యులనుండి గురువును దూరము చేయునది. కథనిర్మాత మహాయానపక్షపాతి గాన నర్హత్త్వమును సంకుచితమనెను. దానిని మతవాదముగఁ ద్రోసివేసినను, ఘనతకును బోధనకును నడుమ నాచార్యుఁ డొకనాఁడు తూఁగాడెనని చెప్పుటకు సంప్రదాయము సంకోచింపలేదు. గురువు తడఁబాటును దాఁచని యిట్టి కథలు మన దేశమునఁ దక్కువ.

ఈ కథ నెంతవఱకు నమ్మవచ్చును? దిఙ్నాగుఁడు సుమారు 480-540 నడుమ నున్నవాఁడని నేఁటి పండితుల యంగీకారము. యాత్రికుఁడు వచ్చునప్పటికి నూఱేండ్లు గడచినవి. 1608లో బౌద్ధచరిత్రను రచించిన టిబెట్టు పండితుఁడు తారానాథుఁడు దిఙ్నాగుని జన్మస్థానము కంచికడ నని చెప్పి, ఈ సంఘటనను ఓడ్రదేశపు గుహయందు నిలిపెను. అందు రాజు లేఁడు. గ్రంథారంభశ్లోకమును శిలపై వ్రాయఁగా నొక తీర్థికుఁడు తుడిచివేయును. మఱల వ్రాయఁగా మఱలఁ దుడుచును. తుదకు వాదమున నోడి, కోపముతో నాచార్యుని వస్తువులను దగ్ధము చేయును. ఒక్కని మనస్సునైన మార్పలేని తాను లోకమున కేమి చేయఁగలనని దిఙ్నాగుఁడు నిరాశపడి, చేతి వ్రాఁతసాధనమును బైకి విసరి, అది నేలఁబడఁగనే బోధిసత్త్వవ్రతమును విడుతుననుకొనును. అది క్రిందఁబడదు, మంజుశ్రీ పట్టుకొనియుండును. స్థలము మాఱినది, కారణము మాఱినది. కాని యాచార్యుఁడు విరమింపఁబోయి, చదువరుల నిమిత్తము మఱలెనన్న నడిబొడ్డు మాఱలేదు. ఒకదాని కొకటి యెఱుఁగని రెండు సంప్రదాయములు చెప్పిన యీ సామ్యము ప్రాచీనమైన యొక మూలకథను సూచించును. వేఁగియే యా తావన్న నిశ్చయమున కిది చాలదు. వేఁగిజనులు ఏడవ శతాబ్దియం దాతనిని దమవానిగ నెంచుకొనిరనుటకు మాత్రము యాత్రికుని వ్రాఁత చాలును.

కథకంటె గ్రంథములు గట్టి సాక్ష్యము. దిఙ్నాగునకు ముందు తార్కికులు పంచావయవవాక్యమును, ఇరువదినాలుగు జాతులను, ఇరువదిరెండు నిగ్రహస్థానములను శిష్యులచే వల్లెవేయించుచుండిరి. ఏ హేతువు మంచిది, ఏది చెడ్డది యను మూలప్రశ్నమున కా పట్టికలలో నేరుగ సమాధానము లేదు. దిఙ్నాగుఁ డవయవములను మూఁటికిఁ దగ్గించి, ప్రమాణములను రెంటికిఁ దగ్గించి, హేతువునకు మూఁడు లక్షణములు చెప్పెను: పక్షమునం దుండవలయు, సపక్షమునం దుండవలయు, విపక్షమునం దుండరాదు. తరువాత 'హేతుచక్రడమరు' వను చిన్న పుస్తకమున దీనిని తొమ్మిది గళ్ళలో నమర్చెను. హేతువు సపక్షమునందంతటను, కొంతమేర, లేక యెచ్చటను లేకుండ నుండుట మూఁడు విధములు. విపక్షమునందును నట్లే మూఁడు. రెంటిని గుణింపఁగా తొమ్మిది. అందు రెండు సద్ధేతువులు, రెండు విరుద్ధములు, తక్కిన యైదు నిర్ణయమునకుఁ జాలనివి. అంతే. పలకమీఁద గీచి చూపఁదగిన యీ చదరము, శిష్యుని వృథాశ్రమను గుఱించి కొండపై నాలోచించినవాని చేతిపని యని యిట్టే తెలియును.

ఆ శాఖవాఁడే యగు శంకరస్వామి 'న్యాయప్రవేశ'మని యింకను సులభమైన పుస్తకమును గూర్చెను. అందు సందిగ్ధాసిద్ధమునకుఁ జూపిన యుదాహరణము కొల్లేటిసీమవారికి మిక్కిలి యనుభవసిద్ధము: పొగయో మంచియో తెలియనిదానిని జూచి యచట నగ్ని కలదని సాధింపఁబూనుట. పుష్యమాసపు వేకువను తమ్మిలేటి మొగనుండి యుప్పుటేటి మొగవఱకు సరస్సుపై క్రమ్ము తెల్లదనమును జూచి, లంకలోఁ బొయ్యి రాఁజినదో లేదో చెప్పఁగల తార్కికుఁడు లేఁడు.

వయస్సు చెల్లినపిదప దిఙ్నాగుఁడు మూఁడవమాఱు తన పనిని దాను విమర్శించుకొనెను. తన గ్రంథములు చెదరియుండుటచే వానినుండి సమకూర్చి యొక్కటి చేయుచున్నానని 'ప్రమాణసముచ్చయ'మునకు మొదటనే చెప్పి, ఆఱు పరిచ్ఛేదములలో వానిని గూర్చి, వృత్తిని గూడఁ దానే వ్రాసెను. అందు గురుస్థానీయుఁడగు వసుబంధుని పేర నున్న 'వాదవిధి'ని ఖండింపవలసి రాఁగా, అది యాచార్యునిది కాదు, అయినచో నది నిస్సారమని యాచార్యుఁడే యెఱుఁగు ననెను. గురువును దిద్దుటకు నింతకన్న మర్యాద గల దారి దొరకదు. ఇది చమత్కారముగఁ గనఁబడినను, తన రచనను దాను మఱల దిద్దుకొనుట గొప్పవారికిఁ దగుననెడి విశ్వాసము దీని క్రింద నున్నది.

అట్లయ్యు గ్రంథము సులభము గాలేదు. సంక్షేపమును గుఱించి కొండపైఁ బడిన భయము వృద్ధాప్యపు గ్రంథమున నిజమయ్యెను. కారికలు మిక్కిలి బిగువైనవి. దిఙ్నాగశిష్యుఁడగు నీశ్వరసేనునొద్ద ధర్మకీర్తి యీ గ్రంథమును మూఁడుమాఱులు పాఠము విన్నట్లు టిబెట్టు సంప్రదాయము చెప్పును. మొదటిమాఱు విని గురువుతో సమానుఁడయ్యెను. రెండవమాఱు దిఙ్నాగునితో సమానుఁడయ్యెను. మూఁడవమాఱు గురువు దిఙ్నాగుని యర్థమును పొరపాటుగఁ జెప్పుచున్న చోట్లను గనిపెట్టెను. శిష్యుఁ డా మాట చెప్పఁగా నీశ్వరసేనుఁడు కోపింపక, ఆ తప్పులను ఖండించుచు వ్యాఖ్య వ్రాయుమని యాతనినే నియోగించెనఁట. 'ప్రమాణవార్తిక'మున కిది పుట్టుకకథ. ఈశ్వరసేనుని గ్రంథ మేదియు నిలువలేదు. శిష్యుని నోట మూఁడవమాఱు పాఠము చెప్పించుకొన్న గురువుగా మాత్రము పేరు నిలిచెను. ఆచార్యచరిత్రలలో నింత నిరాడంబరమైన కీర్తి వేఱొకటి కనఁబడదు.

ఇట్టి విమర్శకు తగిన విద్యాస్థానములు నాఁటి వేఁగీసీమలో నుండెనా? దిఙ్నాగుని జీవితకాలమున నిచట విష్ణుకుండినులు ప్రబలులు. తుమ్మలగూడెము శాసనము గోవిందవర్మ బౌద్ధవిహారమునకు దాన మిచ్చెనని తెలుపును. చిక్కుళ్ళ శాసనము ఇంద్రభట్టారకుఁడు యథావిధిగ ఘటికలను నెలకొల్పి పుణ్యమార్జించెనని పొగడును. ఘటిక యనఁగా నేమన్నది వివాదగ్రస్తమే గాని, విద్వాంసులు పరీక్షింపఁబడు విద్యాగోష్ఠి యను నర్థము కంచిఘటిక చరిత్రను బట్టి యుచితముగఁ దోఁచును. ఒకవంక వైదికఘటికయు, ఒకవంక బౌద్ధవిహారమును నున్నచోట, తన శిష్యుఁడు పరపక్షమువాని యెదుట నోడినచో గురువు పాఠము నాఁడే బయటఁబడును. బోధనలోపమును దెలుపుటకు వాదసభను మించిన పరీక్ష యానాఁడు లేదు.

ఈ సీమయందు విశ్వవిద్యాలయవిద్య మఱలఁ దలయెత్తుటకుఁ బదునాలుగు శతాబ్దములు పట్టెను. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లో బెజవాడయందు వెలసి, పిమ్మట వాల్తేరునకుఁ దరలెను. దాని ప్రథమోపాధ్యక్షుఁడు కట్టమంచి రామలింగారెడ్డి. 1945లో నేలూరియందు వెలసిన కళాశాల యాతఁడు జీవించియుండఁగనే యాతని పేరు దాల్చెను. 1914 నాఁటి 'కవిత్వతత్త్వవిచారము'వలన సాహిత్యపరుల కాతఁడు విమర్శకుఁడుగనే తెలియును గాని, మైసూరున నధ్యాపకుఁడుగను, విద్యాశాఖాధికారిగను బనిచేసి, పాఠశాలల లోనిసంగతి నెఱిఁగినవాఁడు. ఆతని వెనుక నుపాధ్యక్షత వహించిన సర్వేపల్లి రాధాకృష్ణుఁడు 1948లో విశ్వవిద్యాలయవిద్యాసంఘమున కధ్యక్షుఁడై, మఱుసటియేఁట నివేదిక నిచ్చెను. ఉపన్యాసము మాత్రమే బోధన గాదనియు, చిన్నచిన్న బృందములుగ విద్యార్థులతోఁ జర్చించుటయు, గ్రంథాలయాభ్యాసమును, వ్రాఁతపనియు దానికిఁ దోడుకావలయు ననియు, ఏ విషయమునకును నిర్బంధపాఠ్యపుస్తక ముండరాదనియు, ఏఁటికి నూటయెనుబది పనిదినములకుఁ దక్కువ గారాదనియు నా సంఘము సూచించెను. ఇందు దినసంఖ్య త్వరగ నమలునకు వచ్చెను. చిన్నబృందముల చర్చ రాలేదు. లెక్కింపఁదగినది నిలుచుటయు, లెక్కకు రానిది జాఱిపోవుటయు విద్యాసంస్కరణచరిత్రలో సామాన్యము.

1986 నాఁటి జాతీయవిద్యావిధానము ననుసరించి యధ్యాపకుల పునశ్చరణకు ప్రత్యేకకళాశాలలు విశ్వవిద్యాలయములలో నేర్పడెను. 1994లో కళాశాలలను దూఁచి శ్రేణి నిర్ణయించు జాతీయమండలి వెలసెను. దానివలన విద్యార్థుల యభిప్రాయపత్రములు ప్రతి కళాశాలయందును బుట్టినవి. గురువు వేళకు వచ్చునా, విషయము పూర్తిచేసెనా, కంఠము వినఁబడునా యను ప్రశ్నములకు శిష్యుఁ డంకెలు వేయును. ఇవి యడుగఁదగనివి గావు. కాని దిఙ్నాగుఁ డడిగిన ప్రశ్నము వానిలోఁ దఱచుగఁ గానరాదు: నీ శ్రమ యెచ్చట వ్యర్థమయ్యెను?

ఆ ప్రశ్నమునకు బదులు పత్రముకంటె పని త్వరగఁ జెప్పును. తాడేపల్లిగూడెము చెంత వేంకటరామన్నగూడెమున 2007లో నేర్పడిన యుద్యానవిశ్వవిద్యాలయమునఁ బట్టమునకుఁ జదువువారు, గ్రామములకుఁ బోయి రైతులతోఁ గలసి తోఁటపని నేర్చుట పాఠ్యక్రమమున నొక భాగము. తరగతిలోఁ దెలిసినట్లు తోఁచినది చెట్టు మొదటఁ దెలియకపోయినచో, ఎచ్చట పాఠము తెగినదో గురుశిష్యు లిరువురకును దెలియును. ఆ పట్టణముననే 2015లో జాతీయసాంకేతికవిద్యాసంస్థ యొక స్థానికకళాశాల భవనములలో నారంభమై, పిమ్మట సొంతభవనములకు మాఱెను. యంత్రశాస్త్రమునందు తప్పుపాఠము యంత్రము నడువకుండుటయందే కనఁబడును. తర్కమునకును సాహిత్యమునకును నిట్టి చెట్టును యంత్రమును లేవు. అచట శిష్యుఁడు తెలియకయే తలయూఁచి వెడలిపోవచ్చును, గురువు సంతుష్టుఁడై యింటికిఁ బోవచ్చును.

దిఙ్నాగుఁడు చదువరులకు భయము గలుగకుండ వ్రాసెనని యాత్రికుఁడు చెప్పిన హేతువిద్యాశాస్త్రము 'న్యాయముఖ'మని పలువురి మతము. హ్యూయన్‌త్సాంగు దానిని దనతోఁ గొనిపోయి 649లో చీనాభాషలోనికిఁ బరివర్తించెను. 711లో ఈత్సింగు మఱల పరివర్తించెను. 1930లో ఇటలీదేశీయుఁడగు టుచ్చి యా చీనాపాఠమును బట్టి దాని నాంగ్లీకరించెను. ప్రమాణసముచ్చయపు సంస్కృతమూలము చిరకాలము కానరాక, టిబెట్టు పరివర్తనములయందే నిలిచియుండెను. జినేంద్రబుద్ధి సంస్కృతవ్యాఖ్య తాళపత్రములు దొరకి, 2005లో దాని ప్రథమపరిచ్ఛేదము ముద్రితమైన తరువాత, మూలవాక్యములు కొన్ని మఱల దిఙ్నాగుని మాటలలోనే వినవచ్చుచున్నవి. న్యాయముఖమును జదువఁగోరిన యేలూరి విద్యార్థి కిప్పటికిని దారి చీనామీఁదుగనే యున్నది.